కొనాలా.. బిగించుకోవాలా?

మూడు వారాలుగా నా ఫోన్‌లో ఒక కార్ట్ అలాగే ఉంది. అందులో ఉన్నది ఒకే ఒక్క ఐటెమ్. రోజూ పడుకునే ముందు ఓపెన్ చేస్తాను. ఫొటోలు జూమ్ చేసి చూస్తాను. ‘బై నౌ’ దాకా వేలు తీసుకెళ్లి, మళ్లీ వెనక్కి తీసుకుంటాను. ఉద్యోగం మారేటప్పుడు కూడా ఇంత ఆలోచించలేదు!

ఆ ఐటెమ్ పేరు గిటార్ ఆంప్లిఫయర్ కిట్. అంటే ఆంప్ కాదన్నమాట, ఆంప్ అవ్వాల్సిన సామాను. ఒక రేకు ఛాసిస్, రెండు బరువైన ట్రాన్స్‌ఫార్మర్లు, మూడు గాజు వాల్వులు, చిన్న చిన్న కవర్లలో రెసిస్టర్లు, కెపాసిటర్లు, వైర్లు, ఒక సర్క్యూట్ డయాగ్రమ్. సోల్డరింగ్ మనమే చేసుకోవాలి. మోగకపోతే ఎందుకు మోగలేదో కూడా మనమే కనుక్కోవాలి.

ఫెండర్ కంపెనీ 1950ల చివర్లో అమ్మిన ‘ఛాంప్’ అనే బుల్లి ఆంప్‌కి ఇది నకలు. ఆ సర్క్యూట్ నంబర్ 5ఎఫ్1. పవర్ 5 వాట్లు, స్పీకర్ 8 అంగుళాలు. తిప్పడానికి ఉన్నది వాల్యూమ్ నాబ్ ఒక్కటే. బాస్ లేదు, ట్రెబుల్ లేదు, బ్లూటూత్ గురించి అడగనే అడక్కండి. అప్పట్లో అది కొత్తగా గిటార్ నేర్చుకునేవాళ్ల కోసం చేసిన చవక మోడల్. ఇప్పుడు అదే పాత పెట్టె కోసం పేరున్న గిటారిస్టులు వెతుక్కుంటున్నారు.

ఎందుకంత మోజు?

వాల్వు అంటే గాలి తీసేసిన గాజు గొట్టం. లోపల ఫిలమెంట్ ఎర్రగా కాలుతుంది. ఆ వేడికి ఎలక్ట్రాన్లు బయటికొచ్చి అవతలి ప్లేటు వైపు పరిగెడతాయి. మధ్యలో జల్లెడ లాంటి గ్రిడ్ ఉంటుంది. గిటార్ నుంచి వచ్చే చిన్న సిగ్నల్ ఆ గ్రిడ్ దగ్గర ఆ పరుగుని పెంచుతూ తగ్గిస్తూ ఉంటుంది. దాంతో అవతల అదే సిగ్నల్ పెద్దదై వస్తుంది. అంతే సంగతి.

అసలు మజా దాని హద్దు దగ్గర ఉంది. వాల్యూమ్ పెంచుతూ పోతే ఒక చోట వాల్వు ఇక మొయ్యలేదు. అక్కడ సౌండ్ ఒక్కసారిగా పగిలిపోదు, కొద్దికొద్దిగా గరగరలాడుతుంది. బుర్రకథ చెప్పేవాళ్లు పై స్థాయికి వెళ్లినప్పుడు గొంతులో ఒక జీర వస్తుంది చూడండి, అలాగ. ఇంజినీర్ లెక్కలో అది లోపం, పేరు డిస్టార్షన్. గిటారిస్టుకి మాత్రం అదే ప్రాణం. తీగని మెల్లగా మీటితే శుభ్రంగా పలుకుతుంది, గట్టిగా కొడితే జీర వస్తుంది. నాబ్ ముట్టుకోవక్కర్లేదు, అంతా చేతిలోనే ఉంటుంది.

ఇక్కడ నిజం ఒప్పుకోవాలి. ఇవాళ్టి డిజిటల్ మోడలింగ్ ఆంప్‌లు ఈ సౌండ్‌ని చాలా బాగా తెస్తున్నాయి. రికార్డ్ చేసి వినిపిస్తే ఏది అసలో ఏది నకలో నేను చెప్పగలనని పందెం కాయను. పైగా ఒకే పెట్టెలో పది రకాల ఆంప్‌లు, హెడ్‌ఫోన్స్ సౌకర్యం, ధర కూడా తక్కువ.

కిట్ అయితే? స్పీకర్, చెక్క పెట్టెతో కలిపి కొన్ని వందల డాలర్లు. ట్రాన్స్‌ఫార్మర్ల బరువుకి షిప్పింగ్, దాని మీద కస్టమ్స్ డ్యూటీ. కార్ట్‌లో కనిపించే అంకె చివరి అంకె కాదు. ‘మనమే చేసుకుంటే చవగ్గా వస్తుంది’ అనే మాట ఇక్కడ చెల్లదు. ఇంకో చిక్కేంటంటే, 5 వాట్లు అంటే తక్కువ అనిపిస్తుంది కానీ గదిలో అది చాలా పెద్ద సౌండ్. జీర రావాలంటే వాల్యూమ్ పెంచాలి. కూకట్‌పల్లి అపార్ట్‌మెంట్‌లో వాల్యూమ్ పెంచితే ముందు పక్కింటి ఆంటీ వస్తారు.

లెక్క ప్రకారం చూస్తే ఆ కార్ట్ ఎప్పుడో డిలీట్ చేసెయ్యాలి. చెయ్యలేకపోయాను. అందుకే పోయిన ఆదివారం తెనాలి వెళ్లాను, మా బాబాయ్ దగ్గరికి.

ఇది మన రేడియోనే కదరా!

బాబాయ్‌కి ఒకప్పుడు తెనాలిలో రేడియో రిపేరు షాపు ఉండేది. వాల్వు సెట్లు పోయి ట్రాన్సిస్టర్లు, అవీ పోయి టేప్‌రికార్డర్లు, చివరికి షాపే పోయింది. ఇప్పుడాయనకి డెబ్బై నాలుగేళ్లు. చేతులు కొంచెం వణుకుతాయి.

ఫోన్‌లో సర్క్యూట్ డయాగ్రమ్ చూపించాను. కళ్లజోడు నుదుటి మీదికి నెట్టి, ఫోన్‌ని ముక్కు దగ్గర పెట్టుకుని చూశాడు. నిమిషం కూడా పట్టలేదు.

“ఇది రేడియోలో ఆడియో సెక్షనే కదరా! దీనికి అంత డబ్బా?”

ఆయన అన్నదాంట్లో తప్పేం లేదు. గిటార్ ఆంప్ పుట్టిందే రేడియో షాపులో. లియో ఫెండర్ 1938లో కాలిఫోర్నియాలోని ఫుల్లర్టన్‌లో పెట్టింది రేడియో రిపేరు షాపే. ఆయనకి గిటార్ వాయించడం రాదు. ఛాంప్‌లోని 6వి6 వాల్వు కూడా అప్పటి రేడియోల్లో విరివిగా వాడిందే. 1962లో లండన్‌లో జిమ్ మార్షల్ షాపులో వాళ్లు ఫెండర్ బాస్‌మ్యాన్ ఆంప్‌ని చూసి, ఇంగ్లండ్‌లో దొరికే సామాన్లతో అలాంటిదే ఒకటి బిగించారు. సామాను మారేసరికి సౌండూ మారింది. మార్షల్ ఆంప్‌ల కథ అలా మొదలైంది.

మన దగ్గరా ఈ చరిత్ర లేకపోలేదు. బెంగళూరులో భారత్ ఎలక్ట్రానిక్స్ ఒకప్పుడు రేడియో వాల్వులు తయారు చేసింది. వాల్వులు ఇప్పటికీ స్లొవేకియా, రష్యా, చైనాల్లో తయారవుతున్నాయి కాబట్టి స్పేర్ దొరకదన్న భయం లేదు. రెసిస్టర్లు, వైర్లు, సోల్డరింగ్ లెడ్ లాంటి చిల్లర సామానుకి కోఠి గుజరాతీ గల్లీ ఉండనే ఉంది.

నేను ఉత్సాహంగా ఇదంతా చెప్తుంటే బాబాయ్ చొక్కా చెయ్యి పైకి మడిచి మోచేయి చూపించాడు. పాత మచ్చ. చిన్నప్పటి నుంచీ చూస్తున్నదే, ఎప్పుడూ అడగలేదు.

“ప్లగ్గు పీకేశాన్రా. సెట్టు చల్లబడింది కూడా. ఇంకేముందిలే అని రెండు చేతులూ పెట్టాను. స్టూల్ మీంచి వెనక్కి పడ్డాను. బల్ల అంచు తగిలి మోచేయి చీలింది. అది మోచేయి కాబట్టి ఇవాళ నీతో మాట్లాడుతున్నాను.”

ఆర్డర్ పెట్టాలనుకునేవాళ్లు ఒకసారి ఆగాల్సింది ఇక్కడే. వాల్వు ఆంప్ లోపల 300 వోల్టులకి పైగా డీసీ ఉంటుంది. ఫిల్టర్ కెపాసిటర్లు కరెంటు తీసేశాక కూడా ఆ చార్జ్‌ని పట్టుకుని ఉండగలవు. ప్లగ్గు పీకితే సరిపోదు. రెసిస్టర్ ద్వారా చార్జ్ దింపి, మీటర్ పెట్టి, అంకె సున్నాకి దగ్గరగా వచ్చాకే చెయ్యి పెట్టాలి. లైవ్‌లో వోల్టేజ్ కొలవాల్సి వస్తే రెండో చెయ్యి జేబులో ఉండాలి. రెండు చేతులూ లోపలుంటే కరెంటు ఒక చేతిలోంచి ఇంకో చేతికి గుండె మీదుగా వెళ్తుంది.

బాబాయ్ ఇంకో మూడు చెప్పాడు.

ఒకటి, ట్రాన్స్‌ఫార్మర్. అమెరికా కిట్లలో కొన్నిటికి 120 వోల్టుల ప్రైమరీ మాత్రమే ఉంటుంది. దాన్ని మన 230 వోల్టుల ప్లగ్గులో పెడితే ఫ్యూజ్ పోతే అదృష్టం, ట్రాన్స్‌ఫార్మరే కాలిపోతే దురదృష్టం. ఆర్డర్ పెట్టేముందే 230 లేదా 240 వోల్టులకి పనికొస్తుందో లేదో చూసుకోవాలి.

రెండు, ఎర్త్. గిటార్ తీగలు కేబుల్ ద్వారా ఆంప్ ఛాసిస్‌కి కలిసి ఉంటాయి. లోపల ఏదైనా వైరు ఊడి ఛాసిస్‌కి తగిలితే కరెంటు నేరుగా మన వేళ్ల దాకా వస్తుంది. మన ఇళ్లలో మూడు పిన్నుల సాకెట్ ఉన్నంత మాత్రాన వెనక ఎర్త్ ఉందని గ్యారంటీ లేదు. ఎలక్ట్రీషియన్‌ని పిలిచి చూపించుకోవాలి.

మూడు, సిరీస్ బల్బు. బిగించడం అయ్యాక మొదటిసారి డైరెక్ట్‌గా ప్లగ్గులో పెట్టకూడదు. మధ్యలో సిరీస్‌లో ఒక బల్బు పెట్టి ఇవ్వాలి. లోపల షార్ట్ ఉంటే బల్బు ఫుల్లుగా వెలుగుతుంది, ఆంప్ బతుకుతుంది. ఎల్‌ఈడీ పనికిరాదు, పాత ఫిలమెంట్ బల్బే కావాలి. స్పీకర్ కనెక్ట్ చెయ్యకుండా మాత్రం ఆన్ చెయ్యొద్దు, అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ దెబ్బతినే ప్రమాదం ఉంది.

పాట కావాలా, పని కావాలా?

అన్నీ విన్నాక అడిగాను. “అయితే కొనొద్దంటావా బాబాయ్?”

“నేనెక్కడన్నాను? నీకు పాట కావాలా, పని కావాలా? అది చెప్పు ముందు.”

మూడు వారాలుగా నేను చూసుకోని ప్రశ్న అదే. సౌండ్ ఎలా ఉంటుంది, ఎంతవుతుంది అని వందసార్లు చూశాను కానీ నాకేం కావాలో అడగలేదు.

మీరూ ఇలాంటి కార్ట్ ముందు కూర్చుని ఉంటే ఇదే అడగండి. కావాల్సింది పాటే అయితే రెడీమేడ్ ఆంప్ కొనుక్కోండి. ఈ వారమే వాయించడం మొదలుపెట్టొచ్చు, అందులో చిన్నతనం ఏమీ లేదు. గిటార్ ప్రాక్టీస్ ఎగ్గొట్టడానికి కొత్త సామాను కొనడం మనందరికీ ఉన్న జబ్బే, నాకు మరీ ఎక్కువ. కావాల్సింది పని అయితే కిట్ మంచిదే. ఛాంప్ సర్క్యూట్‌లో రెసిస్టర్లు, కెపాసిటర్లు కలిపి రెండు డజన్లు దాటవు. ప్రతి వైరు ఎక్కడినుంచి ఎక్కడికి వెళ్తుందో కంటికి కనిపిస్తుంది. పాడైతే ఇంకో యాభై ఏళ్ల తర్వాత కూడా ఎవరో ఒకరు విప్పి బాగుచెయ్యగలరు. మన చేతిలో ఫోన్ గురించి ఆ మాట అనగలమా?

నా జవాబు: పనే కావాలి. కానీ నా సోల్డరింగ్ చూసి బాబాయ్ మొహం అదోలా పెట్టాడు. అందుకే ఒక వరస అనుకున్నాను. ముందు 9 వోల్టుల బ్యాటరీతో నడిచే గిటార్ పెడల్ కిట్ ఒకటి. అందులో తప్పు చేసినా పోయేది రెసిస్టరే, మనిషి కాదు. అది మోగితే అప్పుడు ఆంప్ ఆర్డర్. బిగించేది కూకట్‌పల్లిలో ఒంటరిగా కాదు, సంక్రాంతి సెలవుల్లో తెనాలిలో, ఆయన పాత బల్ల మీద. సోల్డరింగ్ నాది, చూపు ఆయనది. పెడల్ మోగకపోతే కార్ట్ ఖాళీ చేసేస్తాను. ఇది మీ అందరి ముందూ చెప్తున్న మాట.

బస్సెక్కాక బాబాయ్ ఫోన్ చేశాడు.

“ఒరే, వచ్చేటప్పుడు మంచి మల్టీమీటర్ ఒకటి తీసుకురా. వెయ్యి వోల్టుల దాకా చూపించేది. నా దగ్గరున్నదాని ముల్లు కదలట్లేదు.”

పెడల్ కిట్ ఇంకా రానేలేదు. మల్టీమీటర్ మాత్రం ఆ రాత్రే ఆర్డర్ పెట్టేశాను.