రెండు తెరలు, ఒక ప్రాణం

వీడియో ఆట గురించి ఇంత గంభీరంగా మాట్లాడటమేమిటని కొందరు నొసలు చిట్లించవచ్చు. మొదట చిట్లించినవాణ్ణి నేనే. సెలవులకు పెద్దాపురం వచ్చిన మా మేనల్లుడు చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకొని, అరచేతిలో ఇమిడే రెండు తెరల యంత్రంలో తలదూర్చి, పిలిచినా పలకకుండా కూర్చుంటే నాకు చిర్రెత్తుకొచ్చింది. "ఏముందిరా అందులో?" అని గదమాయిస్తే వాడు ఆ యంత్రాన్ని నా చేతిలో పెట్టి, "మావయ్యా, ఒక్క ఫైటు నెగ్గు, తరవాత ఎంతైనా తిట్టు" అన్నాడు. నెగ్గలేకపోయాను. ఎందుకు నెగ్గలేకపోయానా అన్న ఆలోచనలోంచి పుట్టినవే ఈ నాలుగు మాటలు.

ఆ ఆట పేరు 'ది వరల్డ్ ఎండ్స్ విత్ యూ'. నింటెండో డీఎస్ అనే చేతియంత్రం కోసం స్క్వేర్ ఎనిక్స్, జూపిటర్ సంస్థలు కలిసి తయారు చేయగా, 2007 జులైలో జపానులోను, 2008 ఏప్రిల్‌లో అమెరికా, ఐరోపాలలోను విడుదలైంది. దర్శకుడు తత్సుయా కందో. జపనీయులు దీనికి పెట్టుకున్న పేరుకు 'ఈ అద్భుత ప్రపంచం' అని అర్థం. కథాస్థలం టోక్యోలోని షిబుయా. నెకు అనే పదిహేనేళ్ల కుర్రవాడు ఆ పేటలోని జనసమ్మర్దపు కూడలిలో మెలకువ తెచ్చుకుంటాడు. ఏడు రోజులపాటు అప్పగించిన పనులన్నీ నెరవేర్చాలి, లేదా నశించిపోవాలి. ఒంటరిగా ఆడితే బతకడు. ఎవరో ఒకరితో జత కట్టి తీరాలి. మనుషులంటే గిట్టక, ఎప్పుడూ చెవులు మూసుకు తిరిగే ఆ కుర్రవాడికి ఇంతకు మించిన శిక్ష లేదు.

ఈ తరహా ఆటలలో, అంటే ఒక పాత్రను ధరించి కథ వెంట నడిచే ఆటలలో, పోరాటం ఒక తీరికైన వ్యవహారం. శత్రువు ఎదుట నిలబడి ఉంటాడు. మన ముందు ఒక పట్టిక ఉంటుంది. కత్తి దూయాలో, మంత్రం వేయాలో, మందు తాగాలో ఎంచుకుంటాం. మన వంతు, వాడి వంతు. చదరంగానికి కాస్త నాటకం జోడించినట్టు ఉంటుంది. ఇక్కడ అదేమీ లేదు. కింది తెర మీద నెకు. అతని దగ్గర బొత్తాముల వంటి బిళ్లలుంటాయి. మొత్తం ఆటలో అటువంటివి మూడువందలకు పైమాటే. ఒక బిళ్ల పనిచేయాలంటే పుల్లతో తెరను గీయాలి, మరొకదానికి తట్టాలి, ఇంకొకదానికి వస్తువును పట్టి ఈడ్వాలి. కొన్ని మైకు ద్వారా మన ఊపిరికో అరుపుకో పలుకుతాయి. కుడిచేయి ఈ తతంగంలో మునిగి ఉండగానే, పై తెర మీద అతని జతగాడు వేరే పోరాటం చేస్తూ ఉంటాడు. అతన్ని ఎడమచేతి బొటనవేలితో మీటలు నొక్కి నడపాలి. నడుపుతూనే అక్కడొక చిన్న చీట్లాట కూడా గెలవాలి. రెండు తెరల మీదా ఉన్నది ఒకే శత్రువు. మన ఇద్దరికీ ఉన్నది ఒకే ప్రాణం. పైవాడికి దెబ్బ తగిలితే కిందివాడి ఆయుష్షు కూడా తరుగుతుంది.

రెండు కళ్లూ ఒకేసారి రెండు చోట్ల ఉండవు కదా, ఇదేం న్యాయం అనిపిస్తుంది. ఓడిన ప్రతిసారీ నాకు అలాగే అనిపించింది. దారి చూపినది పై తెరకూ కింది తెరకూ నడుమ తిరిగే ఒక వెలుగుబిళ్ల. ఒకరు వరుసగా దెబ్బలు వేసి ముగించగానే అది రెండవవారి వద్దకు పోతుంది. అది ఎవరి దగ్గరుంటే వారి దెబ్బకు బలమెక్కువ. తప్పకుండా అందించుకుంటూ పోతే ఆ బలం పెరుగుతూ పోతుంది. అంటే రెంటినీ ఒకేసారి చూడమని ఆట అడగడం లేదు. ఎప్పుడు చూపు మళ్లించాలో, మళ్లించినప్పుడు వదిలిన చేతిని ఎలా నమ్మాలో నేర్చుకోమంటోంది.

పట్టునేతకు పేరున్న ఊరివాణ్ణి గనుక నాకు వెంటనే మగ్గం గుర్తుకొచ్చింది. గుంటమగ్గం మీద కూర్చున్న నేతగాడి కాళ్లు కింది చెక్కలను మార్చి మార్చి తొక్కుతుంటాయి. ఒక చేయి నాడెను నడిపే తాడు లాగుతుంది. రెండవ చేయి పేకను దగ్గరికి బిగిస్తుంది. కాళ్లకేసి చూసుకునే నేతగాణ్ణి నేనింతవరకు చూడలేదు. అతని చూపంతా పోగు మీదే. నాడె అటుపోయి ఇటు వచ్చినంతసేపూ లయ ఉంటుంది, లయ ఉన్నంతసేపే వస్త్రం ఉంటుంది. ఆ వెలుగుబిళ్ల అటువంటి నాడె.

ఇందులో నన్ను ఆకట్టుకున్నది నైపుణ్యం కాదు, దాని అర్థం. తోటివాణ్ణి నమ్మలేని కుర్రవాడి కథ ఇది. ఆ మాట ఆట మనకు ఉపన్యాసంగా చెప్పదు. వేళ్ల చేత చెప్పిస్తుంది. మొదటి వారం షికి అనే అమ్మాయి జతగా వస్తుంది. మనకూ నెకులాగే ఆమె ఒక బరువు, పై తెర మీది చికాకు. వారం తిరిగేసరికి ఎడమచేతికి ఆమె కదలిక అలవాటవుతుంది. సరిగ్గా అప్పుడు, రెండవ వారపు ఆటకు రుసుముగా నెకు అత్యంత విలువగా చూసుకునేదాన్ని లాక్కుంటారు. అది షికియే. తరువాత వచ్చే జోషువా చీట్లాట పద్ధతి వేరు. మూడవ వారంలో వచ్చే బీట్‌ది మరొకటి. నేర్చిన వేళ్లు ఒక్కసారిగా తెలివితక్కువవైపోతాయి. ఒక మనిషి వెళ్లిపోతే ఆ మనిషితో అలవాటైన లయ కూడా పోతుందన్న సంగతిని బొటనవేలికి తెలిసేటట్టు చెప్పిన కథ నాకు మరొకటి తారసపడలేదు.

"ఇంత కష్టమెందుకు? కథ బాగుంటే పోరాటం తేలిక చేయవచ్చు కదా" అన్నారొక మిత్రులు. దానికి నా జవాబు మన అవధానం. అష్టావధానంలో ఒకరు నిషిద్ధాక్షరి పట్టి అక్షరమక్షరానికీ అడ్డు తగులుతారు, ఒకరు సమస్య ఇస్తారు, ఇంకొకరు గంటలు కొడుతుంటారు, అప్రస్తుత ప్రసంగి పనికిరాని ప్రశ్నలతో ధ్యానం చెదరగొడతాడు. అప్రస్తుత ప్రసంగిని తప్పిస్తే పద్యం మరింత బాగా కుదరవచ్చు. కానీ అప్పుడది అవధానం కాదు. ఇక గోదావరి సీమలోని కడియంలో పుట్టిన చెళ్లపిళ్ల వెంకటశాస్త్రి, దివాకర్ల తిరుపతిశాస్త్రి జంటగా అవధానాలు చేసి, ఎవరు చెప్పినదైనా ఇద్దరి పేరిటే ప్రకటించారు. 1920లో తిరుపతిశాస్త్రి గతించిన తరువాత కూడా వెంకటశాస్త్రి ఆ జంటపేరు వదలలేదు. రెండు నోళ్లకు ఒకే ప్రాణమన్నది మనకు కొత్త ఊహ కాదు.

అట్లాగని ఈ ఆట కర్కశమైనదీ కాదు. పై తెరను కొంతసేపు పట్టించుకోకపోతే జతగాడు తనంతట తానే పోరాడుతాడు. కష్టాన్ని మనమే తగ్గించుకోవచ్చు. లేదా ప్రతిఫలం ఆశించి మన స్థాయిని మనమే దించుకొని ప్రమాదాన్ని కొనితెచ్చుకోవచ్చు. నెకు ఒక రోజులో తినగలిగిన తిండికి పరిమితి ఉంది. మర్నాటి దాకా ఆగాలి. ఆట ఆపి యంత్రాన్ని మూసి పెట్టిన రోజులలోనూ బిళ్లలకు అనుభవం చేకూరుతుంది. వదలకుండా ఆడమని పిల్లలను వెంటాడే నేటి ఫోను ఆటల నడుమ, కాసేపు నన్ను పక్కన పెట్టు అని చెప్పే ఆట ఒకటి ఉండటం చిన్న సంగతి కాదు.

ఇక నా ఫిర్యాదు. 2012లో ఇది ఐఫోన్లకు, 2014లో ఆండ్రాయిడ్ ఫోన్లకు, 2018లో నింటెండో స్విచ్‌కు మార్పులతో వచ్చింది. వాటిలో ఉన్నది ఒకటే తెర. జతగాడు నెకు పక్కనే నిలబడి, మరో బిళ్లలాగా, తట్టినప్పుడు దెబ్బ వేస్తాడు. బొమ్మలు నిగనిగలాడుతున్నాయి, పాటలు బాగున్నాయి, కథ చెక్కు చెదరలేదు. పోయినదల్లా నాడె ఒక్కటే. స్విచ్‌లో ఇద్దరు మనుషులు కలిసి ఆడే వీలు కల్పించారు. అది మంచి ఆలోచనే, నేను కాదనను. కానీ నేనూ నా పక్కవాడూ కలిసి ఆడటం వేరు. నా ఒక్క మనసులోనే మరొకరికి చోటు చేయడం వేరు. 2021లో వచ్చిన రెండవ భాగంలో జతకు బదులు ఒక బృందమే ఉంది. అదీ ఒకే తెర మీద.

రెండు తెరల యంత్రాల కాలం ముగిసింది. డీఎస్ ఆటలను ఆడించగలిగిన 3డీఎస్ ఉత్పత్తిని నింటెండో 2020లో ఆపివేసింది. 2023 మార్చిలో దాని అంగడి కూడా మూసివేసింది. ఇకమీదట ఈ ఆటను దాని అసలు రూపంలో చూడాలంటే పాత యంత్రాలను, పాత చిప్పలను జాగ్రత్త చేసుకున్నవారే దిక్కు. తాళపత్రాలను పుస్తకాలుగా ఎక్కిస్తే పద్యం మిగిలింది, ఎందుకంటే పద్యానికి ఆకుతో పని లేదు. ఈ ఆటకు మాత్రం ఆకే పద్యం. కొత్త యంత్రంలోకి ఎక్కించి, "భద్రపరిచాం" అనుకోవడం ఆత్మవంచన. గ్రంథాలయాలు, విద్యాసంస్థలు సినిమా రీళ్లను దాచినంత శ్రద్ధగా ఇటువంటి యంత్రాలను పనిచేసే స్థితిలో దాచాలని నా అభిప్రాయం.

ఆ సెలవుల చివరి వారంలో నేనొక ఫైటు నెగ్గాను. ఆషాఢం కావడంతో మరిడమ్మవారి జాతరకు బయలుదేరాం. జనం మధ్యలో వాడి కోసం వెతికితే నా పక్కనే ఉన్నాడు. హెడ్‌ఫోన్లు మెడ మీదికి జారి ఉన్నాయి. నేనేమీ అనలేదు. "మావయ్యా, ఇక్కడా అందరి మనసుల్లో మాటలూ వినబడితే ఎట్లా ఉంటుందో" అన్నాడు. నెకుకు ఆటలో ఆ శక్తి ఉంటుంది. మన సంగతి వేరు. అడిగితే తప్ప తెలియదు. అడిగాను. ఇంటికి చేరేదాకా చెబుతూనే ఉన్నాడు.