సర్వర్ ఎప్పుడు లేచింది?

బ్యాంకులోనో, టికెట్ కౌంటర్లోనో 'సర్వర్ డౌన్' అన్న మాట విననివారుండరు. మరి అది ఎంతసేపు ఆగిందో ఎలా తెలుస్తుంది?

డేటాబేస్ తాను మొదలైన సమయాన్ని గుర్తుపెట్టుకుంటుంది. ఒరాకిల్‌లో అయితే 'వి డాలర్ ఇన్‌స్టెన్స్' అనేచోట 'స్టార్టప్ టైమ్' చూడొచ్చు. ఎవరూ ఆపకుండానే అక్కడ ఈ ఉదయం సమయం కనిపించిందంటే రాత్రి ఏదో జరిగిందన్నమాట! అయితే లేచిన వేళ తెలిసినంత మాత్రాన పడిన వేళ తెలియదు. పద్ధతిగా ఆపితే 'అలర్ట్ లాగ్'లో నమోదవుతుంది. కరెంటు పోయి ఠక్కున ఆగితే ఆ ముక్క రాసే వ్యవధే ఉండదు. ఇక నెట్‌వర్క్ తెగితే డేటాబేస్ నడుస్తూనే ఉంటుంది, మనకు మాత్రం అందదు. అందుకే మరో కంప్యూటర్ నిమిషానికోసారి 'ఉన్నావా?' అని బయటి నుంచి పలకరిస్తూ, జవాబు వచ్చిందీ రానిదీ రాసుకుంటుంది.

ఏడాదికి 8,760 గంటలు. 99.9 శాతం అందుబాటు అంటే వినడానికి ఘనంగానే ఉంటుంది. కానీ ఏటా దాదాపు 8 గంటల 45 నిమిషాలు ఆగొచ్చని దానర్థం. 99.99 శాతమైతే సుమారు 53 నిమిషాలే. ఆ కాసేపూ అర్ధరాత్రి ఆగితే చాలామందికి తెలియను కూడా తెలియదు. ఫీజు గడువు ముగిసే సాయంత్రం ఆగితే ఓ పిల్లాడి సీటే పోవచ్చు. కాబట్టి ఎంతసేపన్నదే కాదు, ఏ వేళన్నదీ లెక్కలో ఉండాలి.