ఉల్లి పైపొరలో ఏముంది?

‘ఉల్లి చేసిన మేలు తల్లి కూడా చేయదు’ అంటారు. ఉల్లిలో శాస్త్రవేత్తల కంటపడ్డ పదార్థాల్లో క్వెర్సెటిన్ ఒకటి. ఆపిల్, టీ ఆకుల్లోనూ ఉండే ఈ ఫ్లేవనాయిడ్‌ను వేరుచేస్తే పసుపుపచ్చని పొడిలా ఉంటుంది.

1936లో హంగరీ శాస్త్రవేత్త సెంట్‌జార్జి, ఆయన సహచరులు ఫ్లేవనాయిడ్లను ‘విటమిన్ పి’ అన్నారు. అవి విటమిన్లేనని రుజువు కాకపోవడంతో ఆ పేరు నిలవలేదు. ప్రయోగశాలలు మాత్రం వాటిని వదల్లేదు.

కారణం లేకపోలేదు. మధుమేహం ఉన్నవారి కంటి కటకంలో ఆల్డోజ్ రిడక్టేజ్ అనే ఎంజైమ్ చక్కెరను సార్బిటాల్‌గా మారుస్తుంది. అది పేరుకుంటే శుక్లాలు రావచ్చు. పరీక్షనాళికలో క్వెర్సెటిన్ ఈ ఎంజైమ్‌ను అడ్డుకుంటుంది. చిల్కానగర్‌కు కొద్ది కిలోమీటర్ల దూరంలో, తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ కూడా వంటింటి దినుసులపై ఇలాంటి పరిశోధనలే చేసింది. మధుమేహమున్న ఎలుకల్లో పసుపు శుక్లాలను ఆలస్యం చేసిందని 2005లో ప్రకటించింది.

అయితే ఎలుక వేరు, మనిషి వేరు. క్వెర్సెటిన్ నీళ్లలో సరిగా కరగదు. ప్రయోగశాలలో దాన్ని వేరే ద్రావణంలో కరిగించి నేరుగా కణాలపై వేస్తారు. మనం తిన్నదాన్నేమో పేగులు, కాలేయం చాలావరకు మార్చేస్తాయి. అందుకే క్వెర్సెటిన్ మాత్రలు కొనుక్కుని షుగరు మందులు మానేయడం ప్రమాదం. కొన్ని మందుల పనితీరును అది మార్చే అవకాశమూ ఉంది. డాక్టరును అడక్కుండా వాడొద్దు.

కూరలో ఉల్లికి ఆ భయం లేదు. తెల్ల ఉల్లికన్నా ఎర్ర ఉల్లిలో క్వెర్సెటిన్ ఎక్కువ. అదీ పైపొరల్లోనే. కాబట్టి పొట్టు పల్చగా తీయండి. ఉడికించిన నీళ్లు పారబోయకుండా పులుసులో కలిపేయండి.