విమానాశ్రయ ఉద్యోగం, పోలీసు విచారణ, మన సాక్ష్యం

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాల యౌవనస్థులు ఉపాధి కోసం శంషాబాద్ వైపు చూడడం మనకు తెలిసినదే. విమానాశ్రయంలో సామాను మోసే పనికైనా ప్రవేశ అనుమతి పత్రం కావాలి. దానికి ముందు పోలీసులు పూర్వచరిత్రను విచారిస్తారు.

ఈ జాగ్రత్త అవసరమే. 1985లో కనిష్క విమానంలో బాంబు పేలి 329 మంది మరణించారు. 1987లో పౌర విమానయాన భద్రతా బ్యూరో స్వతంత్ర శాఖ అయింది. 2020 సవరణతో దానికి చట్టబద్ధ హోదా వచ్చింది. 1934 నాటి విమానాల చట్టం స్థానంలో భారతీయ వాయుయాన్ అధినియమ్ 2025 జనవరి 1 నుండి అమలులో ఉంది.

చట్టం మారినా మన పల్లెల చిక్కు మారలేదు. పొలం గట్టు తగాదాలో కేసులోకెక్కిన పేరు, తీర్పు రాకముందే ఉద్యోగానికి అడ్డుపడవచ్చు. నిందితుడు వేరు, నేరస్థుడు వేరు. విచారించే అధికారులు ఈ తేడా గుర్తించాలని కోరుతున్నాము. అయితే ఉన్న కేసును దాచడం మరింత నష్టం.

రాజీకి వీలైన కేసులను లోక్ అదాలత్‌లో ముగించుకోవచ్చు. ఎస్సీ, ఎస్టీలకు, స్త్రీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచిత న్యాయ సహాయం ఇస్తుంది. సంఘ కాపరులు ఈ మాట యౌవనస్థులకు చెప్పాలి. నడవడి పత్రం అడిగితే తెలిసిన సత్యమే రాయాలి. ప్రేమతోనైనా అబద్ధ సాక్ష్యం అబద్ధ సాక్ష్యమే.