బంతి చదువు

జూబ్లీహిల్సులో కాపురం వున్నవాళ్ళకు రెండు రకాల కబుర్లు తప్పవు. ఒకటి సినిమా కబుర్లు, రెండోది అమెరికా కబుర్లు. పొద్దున్నే కె.బి.ఆర్. పార్కు చుట్టూ నాలుగడుగులు వేసి బెంచీ మీద కూర్చుంటే, ఎవరి సినిమా ఎన్నాళ్ళాడిందో కుడిచెవిలో పడుతుంది. ఎవరబ్బాయికి ఏ యూనివర్సిటీలో సీటొచ్చిందో ఎడమచెవిలో పడుతుంది. నేను రెంటికీ తలూపుతూ వుంటాను. తలూపడానికి ఖర్చేమీ లేదు గదా!

మొన్న ఆదివారం మా వీధి మాస్టారు వచ్చి పక్కన కూలబడ్డారు. ముప్ఫై యేళ్ళు లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. ఎప్పుడూ నవ్వుతూ వుండే ఆయన ముఖం ఆ వేళ చిన్నబోయి వుంది.

"ఏం మాస్టారూ, ఒంట్లో కులాసాగా లేదా?" అన్నాను.

"నా ఒంటికేమండీ, రాయిలా వుంది. మా మనవడికే మతి పోయింది. వాడికి లెక్కల్లో నూటికి నూరు వస్తున్నాయి. డాక్టరవుతాడో, యింజనీరవుతాడో అని మేమంతా కలలు కంటూంటే, వాడు బేస్‌బాల్ బాగా ఆడే కాలేజీకి పోతానని కూర్చున్నాడు. వాళ్ళమ్మది కూడా వాడి పక్షమే. అయినా బంతి విసరడానికి కాలేజీ ఎందుకండీ? మా వీధి కుర్రాళ్ళు ఏ కాలేజీ లేకుండానే నా కిటికీ అద్దాలు రెండుసార్లు పగలగొట్టారు!"

ఆ కాలేజీ ఏదని అడిగాను. "వాండర్‌బిల్ట్ అట. నాష్‌విల్ అనే వూళ్ళో వుందట" అన్నారు.

ఆ కాలేజీ జట్టు కథ నాకు కొంత తెలుసు. మాస్టారికి చెప్పిన కథే మీకూ చెబుతాను. మీ యింట్లోనూ అలాంటి మనవడో, మేనల్లుడో వుండకపోడు.

ముందు ఆట సంగతి. మైదానంలో పలకను ఏటవాలుగా నిలబెట్టినట్లు నాలుగు మూలలుంటాయి. జట్టుకు తొమ్మిది మంది. బంతి విసిరేవాణ్ణి పిచర్ అంటారు. అతని బంతి మన క్రికెట్టులో లాగా నేలను తాకి లేవదు, నేరుగా వస్తుంది. మూడుసార్లు తప్పితే బ్యాటు పట్టినవాడు ఔటు. కొట్టినవాడు నాలుగు మూలలూ చుట్టి యిల్లు చేరితే ఒక పరుగు. ముగ్గురు ఔటైతే ఎదుటివాళ్ళ వంతు వస్తుంది. యిలా తొమ్మిది విడతలు. అంటే ఒక జట్టును పూర్తిగా పడగొట్టడానికి యిరవైయేడు మందిని ఔటు చేయాలి. ఈ లెక్క దగ్గర మాస్టారి కళ్ళు కాస్త తేటపడ్డాయి.

అమెరికాలో ఈ ఆటకూ కాలేజీ చదువుకూ చుట్టరికం యివాళ్టిది కాదు. 1859 జూలై 1న ఆమ్‌హెర్స్ట్, విలియమ్స్ అనే రెండు కాలేజీలు మొదటిసారి తలపడ్డాయి. ఆమ్‌హెర్స్ట్ 73, విలియమ్స్ 32. ఆ పోటీతో పాటే ఆ రెండు కాలేజీలూ చదరంగం పోటీ కూడా పెట్టుకున్నాయి. అందులోనూ ఆమ్‌హెర్స్టే నెగ్గింది. కండకూ బుర్రకూ ఒకేసారి పరీక్ష పెట్టారన్నమాట. 1947లో కాలేజీలకు జాతీయ పోటీ మొదలైనప్పుడు ఆఖరి ఆటలో కాలిఫోర్నియా చేతిలో యేల్ ఓడింది. ఆ ఓడిన జట్టులో ఆడిన జార్జి బుష్ అనే విద్యార్థి తరువాత అమెరికా అధ్యక్షుడయ్యాడు. 1950 నుంచి ఈ పోటీ ఆఖరి ఘట్టం ఒమాహా అనే వూళ్ళో జరుగుతున్నది. మొదటి శ్రేణిలో సుమారు మూడు వందల కాలేజీలుంటే, పోటీకి పిలుపు వచ్చేది 64 జట్లకు, ఒమాహా చేరేది ఎనిమిదింటికి. అక్కడి బేస్‌బాల్ కుర్రాళ్ళకు ఒమాహా అంటే మనవాళ్ళకు కాశీ లాంటిది.

యిక నాష్‌విల్. ఆ వూరికి అమెరికాలో పాటల పట్నమని పేరు. మన ఫిలింనగర్‌లో సినిమా ఆఫీసులెలా వరసగా వుంటాయో, అక్కడ పాటల కంపెనీలు, రికార్డింగు గదులు అలా ఒక పేటగా వున్నాయి. ఆ పేటకు ఆనుకునే వాండర్‌బిల్ట్ యూనివర్సిటీ వుంది. అది 1873లో స్థాపించినది. చదువుకు గొప్ప పేరు. ఆటల్లో మాత్రం చాలా కాలం వెనకబెంచీయే. బేస్‌బాల్ జట్టుకు 1980 తరువాత యిరవై యేళ్ళు దాటినా జాతీయ పోటీలకు పిలుపు రాలేదు.

2002లో టిమ్ కార్బిన్ అనే ఆయన ఆ జట్టుకు శిక్షకుడిగా వచ్చాడు. అక్కినేని నాగేశ్వరరావుగారు 1970లలో అన్నపూర్ణ స్టూడియో కట్టినప్పుడు ఈ చుట్టుపక్కలంతా బండరాళ్ళే గదా! కార్బిన్ చేతికి వచ్చిందీ అలాంటి నేలే. ఆయన మొదట చేసిన పని ఏమిటనుకున్నారు? కుర్రాళ్ళను తరగతి గదిలో కూర్చోబెట్టాడు. మైదానానికి పోయేముందు పుస్తకం, కలం పట్టుకుని కూర్చోవాలి. ఆయన చెప్పేది రాసుకోవాలి. ఆ పాఠంలో ఆట వుంటుంది, నడవడి వుంటుంది, ఓడినప్పుడు మనిషి ఎలా వుండాలనేదీ వుంటుంది. ఆ జట్టుకున్న ఆచారాల్లో మొదటిది యిదే.

"పాఠం చెబుతాడా!" అన్నారు మాస్టారు, కొంచెం ముందుకు జరిగి.

చెబుతాడు. ఫలితం ఒక్కరోజులో రాలేదు. 2004లో పోటీలకు పిలుపు వచ్చింది. 2011లో మొదటిసారి ఒమాహా చేరారు. 2014లో వర్జీనియాతో ఆఖరి ఆట. ఎనిమిదో విడతలో చెరి రెండు పరుగుల మీద వుండగా, జాన్ నార్‌వుడ్ అనే కుర్రాడు బంతిని కంచె దాటించాడు. 3–2తో కప్పు వచ్చింది. ఆ యూనివర్సిటీ పుట్టిన 141 యేళ్ళలో మగపిల్లల జట్టు ఏ ఆటలోనైనా తెచ్చిన మొదటి జాతీయ కప్పు అదే.

మరో ఆచారం చెబితే మీరు నవ్వుతారు. అది ఈల. ఆ జట్టు ఆడుతున్నంతసేపూ ఈల వేసే అభిమానులున్నారు. సన్నగా, ఆపకుండా, ఎదుటి జట్టువాళ్ళు చెవులు మూసుకునేట్టు వేస్తారు. టెలివిజనులో ఆట చూసేవాళ్ళు కూడా ఆ ఈల భరించలేక ఫిర్యాదు చేస్తుంటారు. మన హాళ్ళలో హీరో కనపడగానే నేలటిక్కెట్టు నుంచి లేచే ఈలకు అది అన్నగారన్నమాట.

"యింతకీ ఫీజు సంగతేమిటి? బంతి విసిరితే చదువు ఉచితమా?" అని అడిగారు మాస్టారు. న్యాయమైన ప్రశ్న. ఉచితమని చాలామంది అనుకుంటారు గాని, కాదు. 2025 వేసవి దాకా ఒక కాలేజీ తన బేస్‌బాల్ జట్టు మొత్తానికి యివ్వగలిగినవి 11.7 స్కాలర్‌షిప్పులు మాత్రమే. ముప్ఫైమందికి పైగా వున్న జట్టులో వాటిని ముక్కలు చేసి పంచేవారు. ఆ తరువాత ఆ లెక్క ఎత్తేసి, జట్టులో 34 మందికి మించరాదనే నియమం తెచ్చారు. ఎవరికెంత యివ్వాలన్నది కాలేజీ యిష్టం. కాబట్టి తండ్రులు కాగితం మీద వివరంగా అడిగి తెలుసుకోవలసిందే.

యిక అసలు కథ. 2016 జూన్‌లో సొంతవూళ్ళో పోటీలు మొదలవబోతున్నాయి. ఆటకు ముందు జట్టులోని మొదటి సంవత్సరం పిచర్ ఒకడు స్నేహితులతో చెరువుకు వెళ్ళి మునిగి చనిపోయాడు. నిన్న పక్కన కూర్చుని పాఠం రాసుకున్న పిల్లవాడు యివాళ లేడు. మిగతావాళ్ళు ఆ దుఃఖంతోనే మైదానంలోకి దిగి, రెండాటలూ ఓడి, యింటిముఖం పట్టారు. ఆ వేళ ఏ శిక్షకుడు ఏ పాఠం చెప్పగలడు? కాని ఆ పిల్లవాడి తోటివాళ్ళలో కొందరు నాలుగో సంవత్సరం దాకా ఆ గదిలోనే కూర్చున్నారు. 2019లో వాళ్ళే జట్టుకు పెద్దలు.

ఆ 2019 జట్టులోకి కొత్తగా వచ్చిన కుర్రాడి పేరు కుమార్ రాకర్. పేరు విని మాస్టారు ఉలిక్కిపడ్డారు. "కుమారా?" అన్నారు. అవును. తల్లి లలిత, భారతదేశం నుంచి వలస వెళ్ళిన దంపతుల కూతురు. తండ్రి ట్రేసీ రాకర్, అమెరికా ఫుట్‌బాల్‌లో పేరు మోసిన నల్లజాతి ఆటగాడు. కుమార్‌ను హైస్కూలు కాగానే 2018లో ఒక వృత్తి జట్టు పిలిచింది. అతను కాలేజీకే వెళ్ళాడు. అక్కడి నియమం ప్రకారం నాలుగేళ్ళ కాలేజీలో చేరినవాణ్ణి మూడేళ్ళు పూర్తయ్యేదాకా గాని, యిరవై ఒకటో యేడు వచ్చేదాకా గాని వృత్తి జట్లు తీసుకోవడానికి వీల్లేదు.

ఆ యేడు డ్యూక్ యూనివర్సిటీతో మూడాటల పోటీ. మొదటి ఆటలో వాండర్‌బిల్ట్ 18–5తో చిత్తుగా ఓడింది. మరొక్కటి ఓడితే యింటికే. జూన్ 8న రెండో ఆటకు బంతి పందొమ్మిదేళ్ళ కుమార్ చేతికి యిచ్చారు. యిరవైయేడు మందిలో పందొమ్మిది మందిని అతనొక్కడే బ్యాటు తగలనివ్వకుండా ఔటు చేశాడు. ఎదుటి జట్టుకు ఒక్కటంటే ఒక్క సరైన దెబ్బ దక్కలేదు. పోటీల్లోని ఆ అంచెలో అంతకుముందు ఎవరూ అలా చేయలేదు. 3–0తో గెలిచి, మర్నాడూ గెలిచి, ఒమాహా వెళ్ళి, మిషిగన్‌ను ఓడించి కప్పు తెచ్చారు. ఆ పోటీల్లో ఉత్తమ ఆటగాడు కుమారే. 2016లో కన్నీళ్ళతో యింటికి పోయిన పిల్లలు ఆ కప్పును చేత్తో పట్టుకున్నారు.

కథ యిక్కడ ఆపితే సినిమా అవుతుంది. జీవితం యింటర్వెల్ తరువాత కూడా నడుస్తుంది గదా! 2021లో ఆ జట్టు మళ్ళీ ఆఖరి ఆట దాకా వెళ్ళింది. బంతి కుమార్ చేతిలోనే వుంది. ఈసారి మిసిసిపీ స్టేట్ చేతిలో 9–0తో ఓడిపోయారు. కొద్దిరోజులకే న్యూయార్క్ మెట్స్ అనే వృత్తి జట్టు అతన్ని పదో స్థానంలో ఎంచుకుంది. అరవై లక్షల డాలర్లకు మాట కుదిరింది. తరువాత వైద్యపరీక్ష చేసి, చేయి సంగతి అనుమానంగా వుందని సంతకం పెట్టకుండానే వదిలేసింది. లోకమంతా చూస్తుండగా పీటల మీద పెళ్ళి ఆగినట్లయింది. భుజానికి శస్త్రచికిత్స జరిగింది. చిన్న జట్టులో చేరి మళ్ళీ విసిరాడు. 2022లో టెక్సాస్ రేంజర్స్ జట్టు మూడో స్థానంలో తీసుకుంది. 2023లో మోచేతికి మరో శస్త్రచికిత్స. చివరికి 2024 సెప్టెంబరు 12న సియాటిల్‌లో పెద్ద జట్ల మైదానంలో అడుగుపెట్టి, నాలుగు విడతల్లో ఏడుగుర్ని పడగొట్టాడు.

ఆ కాలేజీలో మరో ఆచారం కూడా వుంది. వృత్తి జట్లలో చేరి పేరు తెచ్చుకున్నవాళ్ళు చలికాలంలో తిరిగి ఆ కాలేజీకే వచ్చి సాధన చేసుకుంటారు. వాళ్ళ కోసం అక్కడ చోటు వుంచారు. గెలిచినవాడికీ దెబ్బ తిన్నవాడికీ తలుపు ఒకటే. నాకు కప్పుల కన్నా గొప్పగా తోచింది యిదే. కప్పుల సంగతికొస్తే, 2025లో ఈ జట్టు దేశంలోకెల్లా మొదటి స్థానంతో పోటీలకు దిగి, సొంత మైదానంలో మొదటి అంచెలోనే ఓడింది.

నేను చెప్పడం ముగించేసరికి ఎండెక్కింది. మాస్టారు ఒక నిమిషం మాట్లాడలేదు. తరువాత నెమ్మదిగా అన్నారు: "రోజూ ఫిలింనగర్ దారిలో ఫోటోలు పట్టుకు తిరిగే కుర్రాళ్ళను చూస్తూంటాను. వేషం దొరికినవాడి పేరు గోడల మీద వుంటుంది. దొరకనివాడు ఏమయ్యాడో ఎవరికీ తెలియదు. మా వాడు కూడా అలా అయిపోతాడేమోనని నా భయం. ఆట మీద నాకు కోపం లేదండీ."

ఆ మాట విన్నాక నాకూ ఆయన భయం అర్థమైంది. పిల్లల్ని ఆటకు పంపడానికి మనవాళ్ళు వెనకాడేది అందుకే గదా! గెలిచినవాణ్ణి అందరూ చూసుకుంటారు. ఓడినవాణ్ణి, దెబ్బ తిన్నవాణ్ణి ఎవరు చూస్తారు? చేతిలో డిగ్రీ, తిరిగి వెళ్ళడానికి ఒక గడప వుంటే ఆ భయం సగం తీరుతుంది. ఏ కాలేజీని ఎంచుకున్నా అడగవలసిన ప్రశ్న అదేనని నాకు తోస్తుంది.

ఆ సాయంత్రం మాస్టారింటికి వెళ్ళేసరికి ఆయన ఫోనులో మనవడితో మాట్లాడుతున్నారు.

"ఒరేయ్, ఆ కాలేజీవాళ్ళు చేయి విరిగినవాణ్ణి ఏం చేస్తారో అడిగావా? అడగలేదా? అడిగి కాగితం మీద రాసుకో. స్కాలర్‌షిప్పు ఎంత, మన చేతినుంచి ఎంత, అదీ రాసుకో. అది చూశాక మాట్లాడుకుందాం... ఆఁ, లెక్కలు మానావంటే మాత్రం వూరుకోను!"

అవతల మనవడు ఏమన్నాడో గాని మాస్టారు నవ్వారు. సరిగ్గా అప్పుడే ధన్‌మని చప్పుడైంది. వీధి కుర్రాళ్ళ బంతి ముచ్చటగా మూడో అద్దాన్ని కూడా పగలగొట్టి యింట్లోకి వచ్చి పడింది. మాస్టారు బంతి చేతిలోకి తీసుకుని గుమ్మంలోకి వెళ్ళారు. కుర్రాళ్ళు పారిపోవడానికి సిద్ధంగా వున్నారు.

"ఎవర్రా విసిరింది? పారిపోకు, యిలా రా. ఏ తరగతి చదువుతున్నావు?" అన్నారు మాస్టారు.