పేరు ఎవరి సొత్తు?

ఆ మధ్య చీపురుపల్లిలో నలుగురు సాహిత్యమిత్రులం కూర్చున్నప్పుడు హిజ్రాల ప్రసక్తి వచ్చింది. నేను గౌరవించే మిత్రుడొకరు, మార్క్సిజం శ్రద్ధగా చదువుకున్నవారు, ఇలా అన్నారు: "వాళ్లు పెట్టుకునే పేర్లు చూశారా? అయితే సినిమాతారల పేర్లు, కాకపోతే దేవతల పేర్లు. భూస్వామ్య సమాజం ఆడదాన్ని ఏ బొమ్మగా చేసి నిలబెట్టిందో ఆ బొమ్మకే వీళ్లు హారతి పడుతున్నారు. పైగా ఇది వర్గసమస్య కాదు. మనం సమర్థించటానికి ఇందులో ఏముంది?" అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ నవ్వుకు సంజాయిషీగా ఈ వ్యాసం రాస్తున్నాను.

మిత్రుడి మాటలో మూడు వాదాలున్నాయి. ఆ పేర్లు వట్టి అనుకరణ అనేది మొదటిది. అనుకరణ కాబట్టి అభివృద్ధి నిరోధకమనేది రెండవది. వర్గపోరాటానికీ దీనికీ సంబంధం లేదనేది మూడవది. మూడూ నిలిచే వాదాలు కావని నా అభిప్రాయం.

పేరు అనుకరణ కానిదెవరిది? మన ఇళ్లలో పిల్లలకు పేర్లెలా పెడుతున్నాం? తాతపేరు, ఇలవేల్పు పేరు, కాకపోతే సినిమాలో విని ముచ్చటపడ్డ పేరు. మన ఉత్తరాంధ్రలో అయితే ఆడపేరుకూ మగపేరుకూ మధ్య గోడ చాలా పలచన. సింహాచలం ఆడవాళ్లలోనూ వుంది, మగవాళ్లలోనూ వుంది. విజయనగరం అమ్మవారు పైడితల్లి పేరును మగవాళ్లు నిక్షేపంగా పెట్టుకుంటారు. బొబ్బిలి నుంచి లోక్‌సభకు ఎన్నికైన కొండపల్లి పైడితల్లినాయుడుగారి పేరులో తల్లి ఎందుకున్నదని వోటరెవరూ నిలదీసినట్టు లేదు. సాహిత్యంలో సంగతి చెప్పనే అక్కరలేదు. ఉషశ్రీ అంటే పురాణపండ సూర్యప్రకాశ దీక్షితులు. బీనాదేవి పేరు వెనక భాగవతుల నరసింగరావుగారూ, ఆయన భార్య త్రిపురసుందరమ్మగారూ వున్నారు. కథ కింద ఆడపేరు పెట్టుకున్న మగవాడిని మనం రచయిత అన్నాం. తన ఒంటికి ఆడపేరు పెట్టుకున్న మనిషిని మాత్రం ఎగతాళి చేస్తున్నాం.

నాటకరంగం చూడండి. స్థానం నరసింహారావు సత్యభామగా రంగంమీదికి వస్తే ఆంధ్రదేశం మురిసిపోయింది. 1956లో ప్రభుత్వం ఆయనకు పద్మశ్రీ ఇచ్చింది. కూచిపూడిలో వేదాంతం సత్యనారాయణశర్మ సత్యభామ. మన పల్లెల తూర్పు భాగవతంలో మద్దెల మోతకు అడుగులేసిన సత్యభామా మగవాడే. కాలేజీ నాటకంలో ఆడవేషం వేస్తూ మీసం తియ్యనన్న ఎన్.టి. రామారావును 'మీసాల నాగమ్మ' అని ముద్దుగా చెప్పుకున్నాం. 1892లో విజయనగరంలో తొలిసారి ఆడిన 'కన్యాశుల్కం'లో కరటకశాస్త్రి తన శిష్యుడికి ఆడపిల్ల వేషం వేసి లుబ్ధావధాన్లుకు కట్టబెడితే, దాన్ని సంఘసంస్కరణ నాటకమన్నాం. సరిగానే అన్నాం. అంటే మన సమాజానికి మగవాడు ఆడపేరుతో పిలిపించుకోవటం కొత్తా కాదు, రోతా కాదు. తెల్లవారేసరికి తిరిగి ఇచ్చెయ్యాలనేదొక్కటే షరతు. ఆడపేరు అద్దెకు తీసుకుంటే కళ, సొంతం చేసుకుంటే నేరం! ఈ న్యాయం ఏ శాస్త్రంలోదో మిత్రులు చెప్పాలి.

రెండవ వాదానికి వస్తాను. ఇక్కడ నాకు తెలిసిన వొక మనిషి సంగతి చెప్పక తప్పదు. వొకప్పుడు నా తరగతిలో కూర్చున్న పిల్ల. అప్పుడు హాజరుపట్టీలో మగపేరు. కొన్నేళ్ల తర్వాత వొక దరఖాస్తు రాసిపెట్టమని నా దగ్గరికి వచ్చింది. పేరు దగ్గర నా కలం ఆగింది.

"ఏ పేరు రాయమంటావమ్మా?"

"ఏదని చెప్పమంటారు మేస్టారూ? మూడున్నాయి."

మొదటి పేరు పదిహేనో ఏట ఎవరికీ చెప్పకుండా తనలో తాను పెట్టుకున్నది. అది సినిమాతార పేరే. ఇంట్లోంచి బయటపడి హిజ్రాల ఇంటికి చేరాక రెండవది వచ్చింది. "ఆ పేరుతో ముందే ఒకర్తి వుంది మేస్టారూ. అంచేత గురువు మార్చీసింది." మూడవది ఈమధ్య పెట్టుకున్నది. చిన్నప్పుడు తనను పెంచిన మామ్మ పేరు. పాతకాలం పల్లెటూరి పేరు. తోటివాళ్లు, ఇంత మోటు పేరు ఎవరైనా కోరి పెట్టుకుంటారా అని నవ్వారట. ఆ పేరు నేనిక్కడ రాయను. ఎవరికి చెప్పాలో ఆమె ఇష్టం.

మిత్రుడి సిద్ధాంతంలో ఈ మనిషి ఎక్కడ ఇముడుతుంది? మొదటి పేరు చూస్తే సినిమా మోజు. నిజమే, పదిహేనేళ్ల పేద పిల్లకు, పొలానికీ బట్టీకీ పోయే తల్లిని తప్ప వేరే ఆడమనిషిని చూపించినది సినిమా తెర వొక్కటే. తప్పు తెరదా, పిల్లదా? రెండవ పేరు చూస్తే గురువు పెత్తనం. నేను నిజం దాచను. గురువు, చేలా సంబంధంలో ఆదరణ వుంది, దోపిడీ వుంది. ఇంట్లోంచి గెంటేసినవాళ్లకు అన్నం పెట్టి చోటిచ్చేది గురువే. చేలా సంపాదనలో వాటా తీసుకునేదీ, పేరు మార్చేదీ గురువే. దీన్ని విమర్శించాలి. కాని కన్నవాళ్లు తలుపు మూసిన తర్వాతనే ఆ పెత్తనం మొదలైందని మరిచిపోయి విమర్శిస్తే అది సగం నిజమే అవుతుంది. ఇక మూడవ పేరులో సినిమా లేదు, గురువు లేదు. వొక మనిషి తన పెంపకాన్ని తలుచుకుని తీసుకున్న నిర్ణయం వుంది. మొదటి పేరు దగ్గరే ఆగి నవ్వేవాడికి ఈ మూడవది కనిపించదు.

ఇంకొక సంగతి. ఆ మూడు పేర్లలో దేనికీ ముందు ఇంటిపేరు లేదు. తెలుగుదేశంలో ఇంటిపేరు అడగటమంటే సగం కులం అడగటమే. 1929లో చెంగల్పట్టు ఆత్మగౌరవ మహాసభ కులపు తోకలు వదిలెయ్యమని తీర్మానించిందని మనం గర్వంగా చెప్పుకుంటాం. ఆ తీర్మానం చదివి మనలో ఎందరు ఇంటిపేరు వదిలారు? ఏ తీర్మానమూ చదవకుండా వీళ్లు వదిలారు. కోరి వదిలినవాళ్లు కొందరు, ఇల్లే కాదన్నాక ఇంటిపేరెందుకని వదిలినవాళ్లు కొందరు. ఏమైనా, అభివృద్ధి నిరోధకులెవరో మరొకసారి ఆలోచించుకోవలసింది మనమే.

మూడవ వాదం అన్నిటికంటె బలహీనమైనది. వర్గసమస్య కాదట! రాజ్యం ఈ పేర్లను ఎందుకు రాసుకున్నదో చూడండి. 1871 నేరస్థ తెగల చట్టంలో రెండవ భాగం వీళ్లమీదనే. అనుమానితుల పేర్లూ చిరునామాలూ రిజిస్టరులో ఎక్కించాలి. అలా ఎక్కినవాళ్లు ఆడబట్టలతో వీధిలో కనిపిస్తే రెండేళ్ల దాకా జైలు. నిజాం రాజ్యంలో 1919లో అలాంటి చట్టమే వచ్చింది. దాన్ని తెలంగాణ హైకోర్టు కొట్టివేసింది 2023లో! నూరేళ్లకు పైగా వీళ్ల పేరుకు చట్టంలో దొరికిన చోటు పోలీసు రిజిస్టరు.

2014 ఏప్రిల్ 15న సుప్రీంకోర్టు నల్సా తీర్పులో, ఎవరి లింగత్వం ఏదో చెప్పుకునే హక్కు వాళ్లదేనన్నది. శస్త్రచికిత్స కావాలని పట్టుబట్టటం చెల్లదన్నది. 2019లో పార్లమెంటు చేసిన చట్టం ఏం చేసింది? కలెక్టరు ధ్రువపత్రం పెట్టింది. స్త్రీ అనో పురుషుడు అనో రాయించుకోవాలంటే శస్త్రచికిత్స జరిగినట్టు వైద్యాధికారి పత్రం తెమ్మన్నది. ధ్రువపత్రం వున్నవాళ్లకు మార్చుకునే హక్కు ఇచ్చింది మొదటి పేరు వరకే. ఇంటిపేరు మాట ఎత్తలేదు. విరాటుడి కొలువులో అర్జునుడు తన పేరు బృహన్నల అని తానే చెప్పుకున్నాడు. రాజు ఆ మాట నమ్మలేదు. స్త్రీల చేత పరీక్ష చేయించి, తృప్తిపడ్డాకనే కన్యాంతఃపురానికి పంపాడని వ్యాసుడు రాశాడు. 1963లో 'నర్తనశాల'లో బృహన్నలను చూసి చప్పట్లు కొట్టిన మనం, విరాటుడి పరీక్ష చట్టంగా వచ్చినప్పుడు ఎందుకు మాట్లాడలేదు?

ఇక కూలి సంగతి. 2011 జనాభా లెక్కల్లో స్త్రీ, పురుష గడుల్లో చేరక 'ఇతరులు'గా నమోదైనవారు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 43,769 మంది. పదోతరగతి పత్రంలో వొక పేరు, ఎదుట నిలబడ్డ మనిషి మరొకరు అయితే పనిచ్చేదెవరు? బ్యాంకు ఖాతాలో వొక పేరు, రేషను కార్డులో వొక పేరు అయితే పింఛను వచ్చేదెలా? అమ్ముకోవటానికి శ్రమశక్తి తప్ప వేరే ఏమీ లేనివాడు కార్మికుడని మనం పాఠం చెబుతాం. ఆ శ్రమశక్తిని సైతం పేరు కలవలేదని అమ్ముకోనివ్వని మనిషిని ఏమనాలి? పని దొరకనివాళ్లు రైలుపెట్టెలో చప్పట్లు కొట్టి చెయ్యి చాస్తే, "పని చేసుకోవచ్చుగా" అని సలహా ఇచ్చేదీ మనమే! నా విద్యార్థిని దరఖాస్తు సరిగ్గా ఈ పేర్ల తేడా గురించే. వొక గుమాస్తా దాన్ని చదివి, "వీడి అసలు పేరేమిటి?" అని నన్నడిగాడు, ఆమె పక్కనే వుండగా.

అసలు పేరు! పిలిస్తే మనిషి పలికేది అసలు పేరు. ఆ గుమాస్తా మాటలో ఇంకొక అన్యాయం కూడా వుంది. తెలుగు వ్యాకరణంలో మగవాడు మహత్తు, వాడు వచ్చాడు. ఆడదానికీ గొడ్డుకీ ఏకవచనంలో వొకటే క్రియ, వచ్చింది. కాని గౌరవించదలిస్తే మన భాషలో ఆడా మగా తేడా లేని మాట సిద్ధంగానే వుంది. వచ్చారు. ఇది రోజూ పైఅధికారికి వాడే మాటే. దాన్ని ఆమెకు వాడటానికి జీవో అక్కరలేదు.

మిత్రులు నన్ను క్షమించాలి. మన రచనల్లోనూ ఉపన్యాసాల్లోనూ రాజకీయ ప్రత్యర్థిని 'కొజ్జా' అని, 'ఆడంగి' అని తిట్టి చప్పట్లు కొట్టించుకున్న రోజులున్నాయి. పిరికితనానికి వాళ్ల శరీరాన్ని ఉపమానం చేసిన మనకు, వాళ్ల పేర్లలో భూస్వామ్య భావజాలం వెతికే అర్హత ఎక్కడిది? ముందు ఆ తిట్లు మానాలి. ఉపాధ్యాయులు తరగతిలో ఏ బిడ్డ ఏ పేరుతో పిలవమంటే ఆ పేరుతో పిలవాలి. విద్యార్థి సంఘాలు ఫీజుల మీద, హాస్టళ్ల మీద పోరాడినట్టే ధ్రువపత్రాల్లో పేరు మార్పు కోసం పోరాడాలి. వాళ్ల పేర్లు మనకు నచ్చాయా లేదా అన్న చర్చ అప్పుడు చేద్దాం, వాళ్లను కూర్చోబెట్టుకుని.

దరఖాస్తులో ఆ రోజు మామ్మ పేరే రాశాను. గుమాస్తా ఎర్రసిరాతో కొట్టేశాడు. మళ్లీ రాశాం. ఇంకా తేలలేదు. ఈసారి ఆ కార్యాలయానికి వెళ్లేటప్పుడు మిత్రుణ్ణి కూడా రమ్మన్నాను.