ఒకే పుస్తకము మూడు ప్రతులు ఎందుకు?



ఈ నెల ఒక తల్లి వ్రాసిన ఉత్తరమునకు జవాబు వ్రాయుచున్నాము. ఆమె కుమారుడు హైదరాబాదులో కంప్యూటరు ఉద్యోగము చేయుచున్నాడు. ఆదివారము మధ్యాహ్నము ఆబిడ్స్ ఫుట్‌పాత్‌ల మీద, సెలవు దినములలో కోఠిలోని పాత పుస్తకాల దుకాణాలలో తిరిగి పాత కంప్యూటరు పుస్తకాలు కొంటాడట. పండుగకు వచ్చినప్పుడెల్లా ఒక సంచి నిండా తెచ్చి ఇంటి బీరువాలో పెట్టిపోతాడట. “చెల్లెలి పెండ్లి అప్పు ఇంకా తీరలేదు. పైగా ఒకే పుస్తకము మూడు కొన్నాడు. ఇది వీనికి విగ్రహమైపోయిందా అయ్యగారూ? వాడు లేనప్పుడు పాత పేపర్లవానికి వేసేయమంటారా?” అని ఆమె అడుగుచున్నది.

అమ్మా, వేయవద్దు. అప్పు సంగతి తరువాత చెప్పెదము. ముందు ఆ పుస్తకాలేమిటో తెలిసికొనకుండా తీర్పు తీర్చుట న్యాయము కాదు గదా.

కంప్యూటరు తనంతట తాను ఏమియు చేయలేదు. ఏది ముందు, ఏది వెనుక చేయవలెనో వరుసగా వ్రాసి ఇవ్వాలి. ఆ వ్రాతనే ప్రోగ్రాము అంటారు. 1949లో ఇంగ్లాండులోని కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయములో ఎడ్‌శాక్ అను యంత్రము పని ప్రారంభించింది. దానిని కట్టిన మారిస్ విల్క్స్ తన తోటివారైన వీలర్, గిల్‌లతో కలిసి 1951లో ఒక పుస్తకము ప్రచురించారు. ప్రోగ్రాములు వ్రాయుట నేర్పే పుస్తకాలలో అదే మొదటిదని చెబుతారు. తన తప్పులను తానే వెదకుకొనుటలో తన శేషజీవితములో పెద్ద భాగము గడచిపోతుందని ఆయనకు ఆ రోజులలోనే ఒకనాడు మెట్ల దగ్గర తట్టిందట. సేవకులకు కూడ ఇది తెలిసిన అనుభవమే.

మన దేశములో 1963లో కాన్పూరు ఐ.ఐ.టి.కి ఐ.బి.ఎం. 1620 అను యంత్రము వచ్చింది. అక్కడ బోధించిన రాజారామన్ గారు 1969లో మన విద్యార్థుల కోసము ప్రోగ్రాముల పుస్తకము వ్రాశారు. ఆ పుస్తకాలతో చదువుకొన్నవారు ఇప్పుడు తాతలయ్యారు. వారి పిల్లలు ఇల్లు సర్దినప్పుడు, కాలేజీలు లైబ్రరీలు ఖాళీ చేసినప్పుడు అవి బజారుకు వస్తాయి. అమ్మేవాడు కొన్నిసార్లు కిలో లెక్కన తూస్తాడు. కొనేవాడు మాత్రము అట్ట తెరచి, పేరున్న పుట వెనుక వైపు చూస్తాడు. ఏ సంవత్సరము, ఎన్నవ ముద్రణ అన్నది అక్కడ ఉంటుంది. ‘సి’ అను కంప్యూటరు భాషకు కెర్నిహన్, రిచీ వ్రాసిన పుస్తకము 1978లో మొదట వచ్చింది, 1988లో మార్చి వేశారు. రెండవది మన బజారులో ఎక్కడైనా దొరుకును. మొదటిది దొరికితే ఆ పిల్లవాడు ఆ రాత్రి నిద్రపోడు.

ఇక ఒకే పుస్తకము మూడు ప్రతులు. ఆ తల్లి అట్ట మీది పేరు చూచి వ్రాసి పంపినది గనుక మాకు తెలిసింది. అది అమెరికాలోని డొనాల్డ్ నూత్ గారు వ్రాసిన పెద్ద గ్రంథములో రెండవ సంపుటము. ఒకటి 1969ది, ఒకటి 1981ది, ఒకటి 1997ది. నూత్ గారు 1938లో పుట్టిన లూథరన్ విశ్వాసి, లూథరన్ పాఠశాల ఉపాధ్యాయుని కుమారుడు. 1962లో ఒక్క పుస్తకము వ్రాయుటకు ఒప్పుకొన్నారు. అది పెరిగి పెరిగి, 1968లో మొదటి సంపుటము వచ్చింది. 2022లో కూడ ఒక భాగము వచ్చింది.

1977లో రెండవ సంపుటపు కొత్త కూర్పునకు అచ్చు ప్రూఫులు వచ్చినప్పుడు, ఆ అక్షరాల వికారము చూచి ఆయన మనస్సు ఒప్పుకొనలేదు. గ్రంథరచన ప్రక్కన పెట్టి, అక్షరాలు అందముగా కూర్చే ప్రోగ్రామును తానే వ్రాయుటకు పూనుకొని సంవత్సరాలు గడిపారు. దాని పేరు టెక్. 1981 ప్రతి దానితో కూర్చినదే. 1969 ప్రతిని, 1981 ప్రతిని ప్రక్కప్రక్కన తెరిస్తే అక్షరాలే ఆ కథ చెప్పును. ఒక ప్రతి అమ్మివేస్తే ఆ కథ తెగిపోతుంది.

ఇంకొక సంగతి. తన పుస్తకములో తప్పు చూపినవారికి ఆయన 2 డాలర్ల 56 సెంట్ల చెక్కు పంపేవారు. మనకు నూరు ఎలాగో కంప్యూటరు వారికి 256 అలాగు. చాలామంది ఆ చెక్కును బ్యాంకులో వేయక, పటము కట్టించి గోడకు తగిలించుకొన్నారు. చెక్కుల మోసాలు ఎక్కువైనందున 2008లో అది మాని, నిజముగా లేని ఒక బ్యాంకు పేరు మీద పత్రము పంపుట మొదలుపెట్టారు. తప్పు చూపినవానిని శత్రువుగా చూచే మన కమిటీ పెద్దలు ఈ సంగతి రెండుసార్లు చదువుట మంచిది.

ఈయనే బైబిలు గ్రంథములలో మూడవ అధ్యాయము పదహారవ వచనమును తీసికొని ధ్యానించి ఒక పుస్తకము చేశారు. యోహాను 3:16 మనందరికి కంఠతా వచ్చును. తక్కినవి ఎందరికి వచ్చును? ఆ పుస్తకములో 59 వచనాలు ఉన్నవి. అనేక దేశాల అక్షర శిల్పులు ఒక్కొక్క వచనమును అందముగా వ్రాసి ఇచ్చారు. మీ కుమారునికి ఈ పుస్తకము సంగతి తెలియకపోతే చెప్పండి, దానిని వెదకనివ్వండి.

పాత పుస్తకము వెదకుట పాపమని మేము చెప్పలేము. పౌలు చెరసాలలో ఉండి, చలికాలము ముందు, అంగీతో పాటు పుస్తకములను కూడ తెమ్మని తిమోతికి వ్రాశాడు. యోషీయా దినములలో మందిరము బాగుచేయుచుండగా ధర్మశాస్త్ర గ్రంథము దొరికింది. ఎవడో దానిని పారవేయలేదు గనుక దొరికింది. అయితే ఆరాధన ఎగగొట్టి ఆబిడ్స్‌కు పోతే అది వేరే సంగతి. అప్పు విషయములో మేము ఆ తల్లి పక్షముననే ఉన్నాము. దశమభాగము, అప్పు వాయిదా, ఇంటి ఖర్చు పోగా మిగిలిన దానిలోనే పుస్తకము. అప్పు తీరేవరకు నెలకు ఒకటి చాలును. చరిత్ర చెప్పని మామూలు ప్రతులు రెండేసి ఉంటే, ఊరిలో చదువుకొనే పిల్లలకు ఇచ్చివేయవచ్చు. ఈ మాట మీరు చెప్పలేకపోతే, వచ్చే పండుగకు వానిని మా యొద్దకు పంపండి.

బీరువా గోడకు ఆనించి ఉంటే జానెడు ముందుకు జరపండి, చెదలు గోడ వెంబడే వచ్చును. ఎండిన వేపాకు గుడ్డలో మూటకట్టి అరల మూలలలో పెట్టి, ఎప్పటికప్పుడు మార్చండి. చిరిగిన పుటకు సెల్లోటేపు అంటించవద్దు, కొన్నాళ్లకు అది పసుపు మరకై కాగితమును తినివేయును. ముందు పుటలో పాత యజమాని పేరు గాని కాలేజీ ముద్ర గాని ఉంటే చెరపకూడదు. ఎక్కడ, ఎప్పుడు కొన్నాడో వానినే దాని క్రింద పెన్సిలుతో వ్రాయమనండి.